రిలక్టెంట్: ‘ఇష్టం లేదు’కూ ‘చేయను’కూ నడుమ ఉన్న మాటను ఎలా వాడాలి

డీఎస్సీకో, బ్యాంకు పరీక్షకో తయారయ్యేవాళ్లు, హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు పోబోయేవాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇది. “సార్, రిలక్టెంట్ అంటే డిక్షనరీలో అయిష్టం అనే ఉంది. అట్లనే రాస్తే తప్పంటున్నరు. ఎందుకు?” నల్లగొండలో క్లాసుకొచ్చే పిల్లలదీ ఇదే మాట, దేవరకొండ, అచ్చంపేట వైపు నుంచి ఫోన్‌లో మెసేజ్ పెట్టేవాళ్లదీ ఇదే మాట. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒక్కచోట రాస్తున్నాను.

నిజానికి మన దగ్గర ఈ మాటకు సరిపోయే పలుకుబడి ముందునుంచీ ఉంది. “పోబుద్ధైతలేదు” అంటాం చూడండి, అదే. పోబుద్ధైతలేదు అన్న మనిషి పోడని కాదు. పొద్దంతా గునిసి, అంగీ వేసుకోవడానికి అరగంట చేసి, చివరికి పెళ్లికి పోయే వస్తాడు. రిలక్టెంట్ కూడా మనసు సంగతి చెప్పి ఊరుకుంటుంది. పని జరిగిందా లేదా అన్నది వేరే మాట చెప్పాలి. ఈ ఒక్కటి పట్టుకుంటే సగం తప్పులు పోతాయి. మిగతా సగం గ్రామర్‌వి.

కావలసినవి

ఒక నోటుబుక్కు. ఉదాహరణ వాక్యాలు ఇచ్చే ఇంగ్లీషు డిక్షనరీ ఒకటి. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్, కేంబ్రిడ్జ్ రెండూ ఫోన్‌లో ఉచితంగానే తెరుచుకుంటాయి, పలికి కూడా వినిపిస్తాయి. ఇంగ్లీషు మాటకు ఒక్క తెలుగు మాట మాత్రమే ఇచ్చే యాప్‌లు ఈ పనికి పనికిరావు, తిప్పలంతా అక్కడే మొదలవుతుంది. వీటితోపాటు మీ ఇంట్లోనో వాడలోనో ఈ మధ్య ఎవరైనా మనసొప్పక చేసిన పనులు నాలుగైదు గుర్తు తెచ్చుకుని రాసి పెట్టుకోండి. పుస్తకంలోని ‘జాన్’, ‘మేరీ’ వాక్యాలు రెండు రోజుల్లో మరిచిపోతాం. మన మేనమామ సంగతి మరిచిపోం.

1. ఇంగ్లీషు జోలికి పోకముందు రెండు ప్రశ్నలు వేసుకోండి

మొదటిది: ఆ మనిషికి మనసొప్పిందా? రెండోది: పని జరిగిందా, లేక జరిగే వీలు ఇంకా ఉందా?

మనసొప్పలేదు, కానీ పని జరిగింది లేదా జరగవచ్చు అంటే రిలక్టెంట్. మనసొప్పలేదు, పని చేయనని తేల్చేశాడు అంటే ‘రెఫ్యూజ్డ్’. మనసులో అడ్డేమీ లేదు, బద్ధకించాడంతే అంటే ‘లేజీ’. అసలు పని ప్రసక్తే లేదు, ఒక వస్తువో కూరో నచ్చలేదంటే ‘డోంట్ లైక్’.

నల్లగొండ బత్తాయి మార్కెట్‌లో ఒక రైతును ఊహించుకోండి. కాయ కుప్ప పోసి పక్కనే గొంతుకు కూర్చున్నాడు. వ్యాపారి టన్నుకు ధర చెప్పాడు. రైతు మాట్లాడలేదు. ఒక కాయ తీసుకుని, తువ్వాలుతో దుమ్ము తుడిచి, “గీ కాయకా గా ధర?” అన్నాడు. “ఏం చేద్దాం కాకా, ఢిల్లీల రేటు లేదు” అన్నాడు వ్యాపారి. రైతు ట్రాలీ దిక్కు చూశాడు, మళ్లీ ఊరికి తోలుకుపోతే కిరాయి ఎవరిస్తారు? కాయను కుప్పమీద పెట్టి, “సరే, తూకం వెయ్యి” అన్నాడు.

కాయ తీసుకున్నప్పటి నుంచి ‘సరే’ అనేదాకా ఆ రైతు రిలక్టెంట్. ‘సరే’ అన్నాడు కాబట్టి “హి రిలక్టెంట్లీ అగ్రీడ్”. అతను కాయను ట్రాలీలో తిరిగి పోయించుకుని వెళ్లిపోయి ఉంటే “హి రెఫ్యూజ్డ్ టు సెల్”. అక్కడ రిలక్టెంట్ రాస్తే రైతును తక్కువ చేసినట్టు.

ఇది పరీక్షలకే పరిమితమైన సంగతి కాదు. శ్రీశైలం ముంపులో ఊళ్లు పోగొట్టుకున్న జిల్లా మన పాలమూరు. ప్రాజెక్టు కింద ఊరు ఖాళీ చేసేది లేదని జనం మొండికేసి కూర్చుంటే, వార్తలో “రిలక్టెంట్ టు లీవ్” అని రాస్తే వాళ్ల ‘వద్దు’ కాస్తా ‘కొంచెం ఇబ్బంది పడ్డారు’గా మారిపోతుంది. పేపర్ చదివేటప్పుడు ఈ మాట కనపడితే ఒకసారి ఆగి చూడండి.

2. పలకడం, రాయడం

రి-లక్-టంట్. ఒత్తు నడుమ ఉన్న ‘లక్’ మీద. ‘రెలుక్టెంట్’ కాదు, అక్కడున్న యు అక్షరానికి ‘అ’ పలుకు. స్పెల్లింగ్‌లో తప్పు దొర్లేది చివర్లోనే: ఏ, ఎన్, టి అని ముగియాలి, ఈ, ఎన్, టి కాదు. రిలక్టెన్స్ రాసేటప్పుడు కూడా చివర ఏ, ఎన్, సి, ఈ. ఇంతకంటే ఇక్కడ చెప్పేదేం లేదు, డిక్షనరీలో స్పీకర్ గుర్తు నొక్కి వినండి.

3. చట్రం ఒక్కటే, దాన్ని కదిలించకండి

మనిషి + యామ్/ఈజ్/ఆర్/వాజ్/వర్ + రిలక్టెంట్ + టు + మామూలు క్రియ.

“ఐ యామ్ రిలక్టెంట్ టు గో.”
“మై ఫాదర్ వాజ్ రిలక్టెంట్ టు సెల్ ద ల్యాండ్.”
“దే ఆర్ రిలక్టెంట్ టు స్పీక్.”

ఇక్కడ మూడు తప్పులు ప్రతి బ్యాచ్‌లోనూ వస్తాయి.

యామ్, ఈజ్ ఎగిరిపోవడం ఒకటి. “ఐ రిలక్టెంట్ టు గో” అని రాస్తారు. ‘నాకు ఇష్టం లేదు’లో ఆ ముక్క లేదు కాబట్టి చేతికి తట్టదు. రిలక్టెంట్ క్రియ కాదు, దాన్ని మోయడానికి యామ్, ఈజ్ లాంటిది ఉండి తీరాలి. “ఐ రిలక్టెడ్” అన్న వాడకం కూడా మామూలు ఇంగ్లీషులో లేదు.

టు తర్వాత ‘ఇంగ్’ తగిలించడం రెండోది. “రిలక్టెంట్ టు గోయింగ్” తప్పు. “రిలక్టెంట్ ఫర్ గోయింగ్” కూడా తప్పే. గో, సెల్, సైన్, స్పీక్ అని మొండిగా ఉంచేయండి.

మూడోది కూరగాయలకు, వస్తువులకు వాడటం. “ఐ యామ్ రిలక్టెంట్ టు బ్రింజాల్” అని ఒక పిల్లగాడు రాశాడు. వంకాయతో వాడికేం గొడవో గానీ, ఇంగ్లీషులో “ఐ డోంట్ లైక్ బ్రింజాల్” అంటే చాలు. తప్పనిసరై తినాల్సి వస్తే అప్పుడు “రిలక్టెంట్ టు ఈట్ బ్రింజాల్”. పని ఉండాలి, అప్పుడే ఈ మాట.

4. ‘నాట్’ ఉందేమో వెతికి తీసేయండి

అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడ, ఇంటర్వ్యూలో ఎక్కువ నష్టం చేసేదీ ఇదే.

తెలుగులో మనం అయిష్టాన్ని ‘లేదు’తోనో ‘కాదు’తోనో చెబుతాం. ఇష్టం లేదు, మనసొప్పలేదు, పోబుద్ధి కాలేదు. ఆ ‘లేదు’ను ఇంగ్లీషులోకి మోసుకొచ్చి “ఐ యామ్ నాట్ రిలక్టెంట్ టు గో” అంటారు. దీని అర్థం ఏమైందో చూడండి: ‘పోవడానికి నాకు అభ్యంతరం ఏమీ లేదు.’ చెప్పదలచుకున్నది ఒకటి, అవతలివాళ్లకు చేరింది దానికి పూర్తిగా ఎదురు. ‘లేదు’ అన్న అర్థం రిలక్టెంట్ కడుపులోనే ఉంది, బయటి నుంచి ఇంకొకటి పెట్టొద్దు.

సరిచూసుకునే ఉపాయం: రాసిన వాక్యంలో రిలక్టెంట్ తీసి ‘అన్‌విల్లింగ్’ పెట్టి చదవండి. “ఐ యామ్ నాట్ అన్‌విల్లింగ్” అని వస్తే చెవికి వెంటనే తేడా కొడుతుంది. అది కూడా తట్టకపోతే వాక్యాన్ని తిరిగి తెలుగులోకి తెచ్చి పక్కవాళ్లకు వినిపించండి.

ఒక్క చోట మాత్రం నాట్ సరైనదే. ‘వాడేం వద్దనలేదు, సంతోషంగానే వచ్చాడు’ అని నిజంగా చెప్పాలనుకుంటే “హి వాజ్ నాట్ రిలక్టెంట్ ఎట్ ఆల్” అనవచ్చు. పరీక్షలో ఈ వాక్యం ఇచ్చి భావం అడిగితే కంగారు పడి ‘అయిష్టం’ అని టిక్ పెట్టేయకండి.

5. రిలక్టెంట్లీ వస్తే పని అయిపోయినట్టే

“హి వాజ్ రిలక్టెంట్ టు సైన్” అంటే సంతకం పెట్టాడో లేదో తెలియదు. ఆ తర్వాతి వాక్యం చదివితేనే తెలుస్తుంది. “హి రిలక్టెంట్లీ సైన్డ్” అంటే పెట్టేశాడు, ముఖం ముడుచుకుని పెట్టాడు. ప్యాసేజ్ ఇచ్చి కింద నాలుగు ఆప్షన్లు పెట్టే పరీక్షల్లో ఈ తేడా మీదే ఉచ్చు పన్నుతారు. ‘హి డిడ్ నాట్ సైన్’ అన్న ఆప్షన్ చూడగానే చాలామంది దాన్నే పట్టుకుంటారు.

రిలక్టెన్స్ నామవాచకం. “హిజ్ రిలక్టెన్స్ టు సైన్” లాగా, దీని తర్వాత కూడా టు, మామూలు క్రియే వస్తాయి. “విత్ గ్రేట్ రిలక్టెన్స్” అంటే ఎంతమాత్రం మనసొప్పకపోయినా అని. ఉత్తరాల్లో, ఆఫీసు మెయిళ్లలో ఇది బాగా కుదురుతుంది.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివినవాళ్లు రిలక్టెన్స్‌ను వేరేచోట చూసి ఉంటారు. అయస్కాంత ఫ్లక్స్‌ను, అంటే అయస్కాంత బలరేఖలను, దారి ఎంత అడ్డగిస్తుందో చెప్పే కొలత అది. మోటారులో తిరిగే రోటర్‌కూ కదలని స్టేటర్‌కూ మధ్య సన్నటి గాలి సందు ఉంటుంది. ఇనుముతో పోలిస్తే ఆ గాలి రిలక్టెన్స్ చాలా ఎక్కువ. అయినా ఫ్లక్స్ ఆ సందు దాటుతుంది, మోటారు తిరుగుతుంది. బోరు మోటారు తిరిగినంతసేపూ జరుగుతున్నది అదే. అడ్డం ఉంది, కానీ ఆగిపోలేదు. లాటిన్‌లో ఈ మాటకు మూలమైన క్రియకు ఎదురొడ్డి పెనుగులాడటం అని అర్థం, మనిషిలోనైనా మోటారులోనైనా ఆ పెనుగులాటే.

6. పక్కపక్క మాటలతో కలిపేయకండి

అన్‌విల్లింగ్: రిలక్టెంట్ కంటే గట్టిది. తలుపు దాదాపు మూసినట్టే. ప్రమోషన్ మీద దూరం పోవడం ఇష్టం లేని టీచర్లు ‘నాట్ విల్లింగ్’ అని రాసిస్తారు కదా. ఆ కాగితం మీద రిలక్టెంట్ అని రాస్తే పై ఆఫీసులో ‘ఇబ్బందే గానీ పోతాడులే’ అనుకుంటారు. తేలిపోవాల్సిన చోట తేల్చే మాటే రాయాలి.

హెసిటెంట్: ఇక్కడ ఇష్టాయిష్టాల కంటే జంకు, తటపటాయింపు ఎక్కువ. కొత్తగా క్లాసుకొచ్చిన అమ్మాయికి మాట్లాడాలనే ఉంది, తప్పు పోతుందేమోనని ఆగుతుంది. ఆమె హెసిటెంట్. వెనక బెంచీలో కూర్చుని ‘నన్నెందుకు లేపుతరు సార్’ అన్నట్టు చూసేవాడు రిలక్టెంట్. రెండూ కొంతవరకు కలుస్తాయి, ఎందుకంటే చేయబోయే పని సరైనదో కాదో తేలక వెనకాడటాన్ని కూడా రిలక్టెంట్ అంటారు. ఏది రాయాలో తోచనప్పుడు కారణం చూడండి: భయమైతే హెసిటెంట్, మనసు రాకపోతే రిలక్టెంట్.

రెటిసెంట్: దీంతో చదువుకున్నవాళ్లు కూడా తికమకపడతారు. ఇది నోటికి సంబంధించింది. తన సంగతులు బయటపెట్టని మనిషి రెటిసెంట్. “రెటిసెంట్ టు గో” అని కొందరు రాస్తుంటారు గానీ మీరు రాయకండి, పరీక్షలో తప్పు కిందే పోతుంది. “రెటిసెంట్ అబౌట్ హర్ ఫ్యామిలీ” సరైనది.

లోథ్, లోద్: ఈ జంట మీద ప్రశ్న పడితే చాలు, సగం క్లాసు పడిపోతుంది. మొదటిది ఎల్, ఓ, ఏ, టి, హెచ్. దీని అర్థం రిలక్టెంట్ లాంటిదే, కొంచెం పెద్దరికం ఉన్న మాట: “హి వాజ్ లోథ్ టు లీవ్ ద విలేజ్.” రెండోదానికి చివర ఈ ఉంటుంది, అప్పుడది క్రియ. అర్థం ఏకంగా అసహ్యించుకోవడం: “హి లోద్స్ ద విలేజ్.” ఒక్క అక్షరంతో ఊరు వదలలేనివాడు ఊరంటే మండిపడేవాడు అయిపోయాడు. పలికేటప్పుడు కూడా మొదటిదాని చివర ‘బోత్’లోని ధ్వని, రెండోదాని చివర ‘దిస్’ మొదట్లోని ధ్వని. నన్నడిగితే, మాట్లాడేటప్పుడు లోథ్ జోలికి పోవద్దు. చదివినప్పుడు గుర్తుపడితే చాలు.

అవర్స్: ఏ, వి, ఈ, ఆర్, ఎస్, ఈ. ఒక సంగతి అంటేనే గిట్టకపోవడం. ‘అవర్స్ టు’ తర్వాత నామవాచకమో, ఇంగ్ రూపమో వస్తుంది. “హి ఈజ్ అవర్స్ టు టేకింగ్ రిస్క్స్.” ఇక్కడ మాత్రం ఇంగ్ సరైనదే, రిలక్టెంట్‌తో కలిపేసుకోకండి. నడుమ డి చేరితే ‘అడ్వర్స్’, అది పరిస్థితులకు వాడేది, మనుషులకు కాదు.

7. ఎవరితో అంటున్నారో చూసుకోండి

రిలక్టెంట్ మర్యాదైన మాటే, కానీ ముఖాన్నే అంటే సగం ‘వద్దు’ అన్నట్టు వినిపిస్తుంది. పైఅధికారితో “ఐ యామ్ రిలక్టెంట్ టు డూ దిస్” అని ఊరుకుంటే ఆయన ముఖం మాడుతుంది. వెంటనే కారణం చెప్పండి, వీలైతే ముందు “ఎ బిట్” చేర్చండి: “ఐ యామ్ ఎ బిట్ రిలక్టెంట్ టు సైన్ దిస్, బికాజ్ ద ఫిగర్స్ ఆర్ నాట్ చెక్డ్.” ఇప్పుడది బాధ్యతగల మనిషి మాటలా ఉంది.

ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగేది, వేరే ఊళ్లో పని చేస్తారా అని. మిర్యాలగూడలో ఇల్లు, అమ్మానాన్నలు అక్కడే, బెంగళూరు పోబుద్ధి కావట్లేదు. అంతమాత్రాన “ఐ యామ్ రిలక్టెంట్ టు రీలొకేట్” అనేయకండి, మీ పేరు పక్కన గీత పడుతుంది. “ఐ వుడ్ ప్రిఫర్ హైదరాబాద్, బట్ ఐ యామ్ ఓపెన్ టు బెంగళూర్” అంటే అదే సంగతి, టెన్షన్ లేకుండా చెప్పినట్టు. నిజంగానే పోయే ఉద్దేశం లేకపోతే మాత్రం ఇదీ అనకండి. ఆఫర్ లెటర్ వచ్చాక తిప్పలు పడాలి.

దోస్తుల మధ్య రిలక్టెంట్ అవసరమే లేదు. “ఐ డోంట్ ఫీల్ లైక్ గోయింగ్” అనండి. పోబుద్ధైతలేదుకు మాట్లాడే ఇంగ్లీషులో సరిగ్గా అతికేది అదే. ఇక్కడ లైక్ తర్వాత ఇంగ్ రావాలి.

8. మీరే దిద్దుకోండి

రాసిన ప్రతి వాక్యం చివర ‘బట్ హి డిడ్ ఇట్’ అని తగిలించి చూడండి, ఆడవాళ్ల గురించి అయితే ‘షి’. వాక్యం నిలబడితే రిలక్టెంట్ సరైన చోట పడ్డట్టు. కొట్టుకుంటే అక్కడ ‘రెఫ్యూజ్డ్’ కావాలి. తర్వాత యామ్, ఈజ్ ఉందా, టు ఉందా, నాట్ లేదు కదా అని వేలు పెట్టి చూసుకోండి. వ్యతిరేక పదం అడిగితే విల్లింగ్, ఈగర్, కీన్ గుర్తుంచుకోండి.

కింది ఆరింటిని ముందు కాగితం మీద చేసి, ఆ తర్వాతే జవాబులు చూడండి. అన్నిటికీ రిలక్టెంట్ రాదు, ముందే చెబుతున్నాను.

అ) పిల్లను అమ్మమ్మ దగ్గర వదిలి పనికోసం పుణెకు పోవాలంటే ఆమెకు మనసొప్పలేదు.
ఆ) అప్పు ఇచ్చేది లేదని బావ మొహం మీదే చెప్పాడు.
ఇ) గునుస్తూనే ముసలాయన పాసుబుక్కు తీసి ఇచ్చాడు.
ఈ) మా నాయనకు జొన్నరొట్టె తప్ప చపాతి నచ్చదు.
ఉ) మా చెల్లె కొత్తవాళ్ల ముందు తన సంగతులేవీ చెప్పదు.
ఊ) గద్వాల చీర నేసినాయన ధర తగ్గించడానికి వెనకాడాడు, చివరికి తగ్గించాడు.

జవాబులు. అ) “షి వాజ్ రిలక్టెంట్ టు లీవ్ హర్ చైల్డ్.” పోయిందో లేదో వాక్యంలో లేదు, మీరు కల్పించకండి. ఆ) “హి రెఫ్యూజ్డ్ టు లెండ్ ద మనీ.” మొహం మీదే చెప్పాక ఇంక వెనకాడేదేముంది? ఇ) “ద ఓల్డ్ మ్యాన్ రిలక్టెంట్లీ హ్యాండెడ్ ఓవర్ ద పాస్‌బుక్.” ఈ) “మై ఫాదర్ డజంట్ లైక్ చపాతీ.” పని లేదు, నచ్చకపోవడం ఒక్కటే ఉంది. ఉ) “మై సిస్టర్ ఈజ్ రెటిసెంట్ విత్ స్ట్రేంజర్స్.” ఊ) “ద వీవర్ వాజ్ రిలక్టెంట్ టు రెడ్యూస్ ద ప్రైస్, బట్ హి డిడ్.” దీన్నే “హి రిలక్టెంట్లీ రెడ్యూస్డ్ ద ప్రైస్” అన్నా సరైనదే. రెండూ కలిపి “హి వాజ్ రిలక్టెంట్లీ టు రెడ్యూస్” అని రాసినవాళ్లు మూడో అంచెకు తిరిగి వెళ్లండి.